అడగండి, చెబుతాం: ఓడ దుర్బిణి మీద పేరు చివర, ముందు అద్దం

పాత ఇత్తడి దుర్బిణుల గురించి ఈమధ్య ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అన్నీ హైదరాబాద్ నుంచే. సముద్రానికి ఇంత దూరాన ఉన్న ఊళ్లో ఓడ వస్తువు మీద ఇంత మక్కువ ఉండటం సంతోషం. వీలైనన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: జుమ్మేరాత్ బజార్‌లో మూడు జారుడు గొట్టాల ఇత్తడి దుర్బిణి కొన్నాను. మీద ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అని చెక్కి ఉంది. లంగరు బొమ్మ ఉన్న చెక్కపెట్టె కూడా ఇచ్చారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడ మీద వాడిందేనా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: కాదండీ. ఆ పేరే దాన్ని పట్టిస్తోంది. కెల్విన్, బాటమ్లీ అండ్ బైర్డ్ ఒక కంపెనీ, హెన్రీ హ్యూస్ అండ్ సన్ ఇంకో కంపెనీ. ఈ రెండూ కలిసి కెల్విన్ అండ్ హ్యూస్ అయింది 1947లో. 1917లో ఆ పేరే లేదు. ‘విక్టోరియన్ మెరైన్ టెలిస్కోప్, 1915’ అని చెక్కినవీ ఇలాంటివే. విక్టోరియా రాణి 1901లోనే చనిపోయింది. ఇత్తడి పనికి పేరుపడ్డ మొరాదాబాద్‌లో, సర్వే పరికరాలకు పేరుపడ్డ రూర్కీలో ఇలాంటివి అలంకరణ కోసం తయారవుతాయి. అలంకరణ వస్తువని చెప్పి అమ్మితే తప్పులేదు. పాతదని చెప్పి అమ్మడం మాత్రం మోసమే.

దొంగ పేరు చెక్కడం ఇప్పుడు పుట్టిన విద్య కాదు. 1758లో లండన్‌లో జాన్ డాలండ్ రంగుల అంచులు రాని జంట లెన్సుకు పేటెంటు తీసుకున్నాడు. అలాంటి లెన్సు అంతకు పాతికేళ్ల ముందే చెస్టర్ మూర్ హాల్ చేయించుకున్నాడు కానీ దాన్ని బజారుకు తెచ్చి పేరు తెచ్చుకుంది డాలండ్ కుటుంబమే. ఆ పేరుకు ఎంత గిరాకీ ఉండేదంటే, అక్షరం మార్చి ‘డొలాండ్’ అన్నట్టుగా చెక్కి అమ్మినవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు. అందుకే పేరును ఆఖర్న చూడాలి.

మొదట ముందు లెన్సును దాని రింగుతో సహా మర తిప్పి బయటికి తీయండి. బల్బు కింద కాస్త వాల్చి పట్టుకుని, అందులో బల్బు ప్రతిబింబాలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. రెండే ఉంటే ఒంటి అద్దం. రెండు ప్రకాశంగా, వాటితో పాటు ఒకటి బాగా మసగ్గా ఉంటే రెండు అద్దాలు అతికించిన జంట లెన్సు. నాలుగుంటే అదీ జంటే, మధ్యలో గాలి సందు ఉన్న రకం. అలంకరణ దుర్బిణుల్లో చాలావాటికి ఒంటి అద్దమే ఉంటుంది. జంట అక్కర ఏమిటంటే, ఒకే అద్దం ఎరుపును ఒక చోట, నీలాన్ని ఇంకో చోట కలుపుతుంది. ‘క్రౌన్’ అనే రకం గాజుతో చేసిన ఉబ్బెత్తు అద్దానికి ‘ఫ్లింట్’ అనే ఇంకో రకం గాజుతో చేసిన పుటాకార అద్దం తోడైతే ఆ తేడా దాదాపు చెల్లిపోతుంది.

తర్వాత ఆ ప్రతిబింబాల రంగు చూడండి. ఊదాగా, నీలంగా మెరిస్తే లెన్సు మీద మెరుపు తగ్గించే పూత ఉన్నట్టు. ఆ పూతను జర్మనీలో జైస్ కంపెనీ కనిపెట్టింది 1935లో. కాబట్టి 1917 అని చెక్కిన దానికి ఊదా మెరుపు ఉంటే, ఒకటి లెన్సు మార్చి ఉండాలి, లేదా తేదీ అబద్ధం. పాత లెన్సులో బల్బు తెల్లగానే కనిపిస్తుంది.

మూడో పరీక్షకు పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీదికి వెళ్లండి. నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్ తెల్లని శిఖరం అంచును ఆకాశం నేపథ్యంగా చూడండి. అంచున పసుపు, ఊదా గీతలు దట్టంగా కనిపిస్తే ఒంటి అద్దమే. ఎండ ముదిరాక చేస్తే గాలి సెగకే బొమ్మ అలలాడుతుంది, తప్పు లెన్సు మీద వేస్తాం. సూర్యుడు ఉన్న వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి. క్షణంలో కన్ను పోతుంది.

ఇవన్నీ అయ్యాక అక్షరాల దగ్గరికి రండి. గడియారాలు బాగుచేసేవాళ్ల భూతద్దం చాలు. చేత్తో చెక్కిన గీత ‘వి’ ఆకారపు చాలులా ఉంటుంది, మొదట్లో సన్నం, మధ్యలో లోతు, చివర మళ్లీ సన్నం. యాసిడ్‌తో తినిపించిన అక్షరం అడుగు గరగరలాడుతూ అంతటా ఒకే లోతున ఉంటుంది. అరుగుదల కూడా చేయి తగిలే చోటే ఉండాలి. చేయి దూరని మూలల్లోనూ అంతే గోధుమరంగు ఉంటే అది మందు పూసి తెచ్చిన వయసు. జారుడు గొట్టం లోపల పొడవునా అతుకు గీత కనిపిస్తే మంచి గుర్తు. పాతకాలంలో రేకును చుట్టి అతికి, సాగదీసి గొట్టం చేసేవాళ్లు.

బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి కొట్టే బాణం గుర్తు గురించీ చాలామంది అడుగుతున్నారు. ఒక్క ఉలి దెబ్బతో ఎవరైనా కొట్టగలరు కనుక అదొక్కటే రుజువు కాదు. అది లేకపోవడమూ రుజువు కాదు. నౌకాదళ అధికారుల్లో చాలామంది తమ దుర్బిణిని సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్లు.

ప్రశ్న: అప్పటి నావికులు దుర్బిణితో ఎంత దూరం చూసేవాళ్లు? అందులో చూసి దారి కనుక్కునేవాళ్లా?
– డిగ్రీ విద్యార్థిని, తార్నాక

జవాబు: దూరాన్ని తేల్చేది లెన్సు కాదమ్మా, కన్ను ఉన్న ఎత్తు. భూమి గుండ్రంగా ఉంది కనుక సముద్రం మీద చూపు దిగంతం దగ్గర ఆగిపోతుంది. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. డెక్కు మీద కన్ను 4 మీటర్ల ఎత్తున ఉంటే 7 కిలోమీటర్లు. తెరచాప స్తంభం ఎక్కి 30 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే దాదాపు 19.5. ఎదుటి ఓడ స్తంభమూ 30 మీటర్లే అయితే రెండూ కలిపి 39 కిలోమీటర్ల దూరంలో దాని కొన కనిపించడం మొదలవుతుంది. గాలి కాంతిని కొద్దిగా వంచుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే. దిగంతం కిందికి దిగిపోయిన ఓడను ఏ దుర్బిణీ పైకి లేపలేదు. పైకి కనిపిస్తున్న తెరచాప ఎవరిది, ఎటు తిరిగి ఉంది, జెండా ఏది అన్నది చెప్పడమే దాని పని.

దారి కనుక్కోవడానికి సెక్స్‌టంట్ (సూర్యుడు, నక్షత్రాలు ఎంత ఎత్తున ఉన్నాయో కోణం కొలిచేది), క్రోనోమీటర్ (ఓడ మీద కచ్చితంగా నడిచే గడియారం), దిక్సూచి ఉండేవి. తీరం దగ్గరపడ్డాకే దుర్బిణి చేతికొచ్చేది. పై లెక్కనే మన తీరానికి వేసి చూడండి. విశాఖపట్నం వైపు కొండలు సముద్రాన్ని ఆనుకుని ఉన్నాయి. వంద మీటర్ల కొండ నీటిమట్టం నుంచి చూసినా దాదాపు 36 కిలోమీటర్ల నుంచి కనిపిస్తుంది. గోల్కొండ రాజ్యానికి రేవు అయిన మచిలీపట్నం దగ్గర తీరం బల్లపరుపు. ఎత్తైనదేదీ లేదు, పైగా లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగానే లంగరు వేసి, సరుకును పడవల మీద దించేవి. అలాంటి తీరంలో ఒక చెట్ల గుంపును గానీ, ఒక గోపురాన్ని గానీ ముందుగా గుర్తుపట్టడం ఓడ ప్రాణం నిలిపే సంగతి.

ఈ అక్కర మొదటినుంచీ ఉంది. 1608లో నెదర్లాండ్స్‌లో హాన్స్ లిపర్‌హే దీనికి పేటెంటు అడిగాడు. మరుసటేడే గెలీలియో వెనిస్ పెద్దలకు తన దుర్బిణి చూపిస్తూ, మామూలు కంటికి అందే ముందే ఓడలు ఇందులో కనిపిస్తాయని చెప్పాడు.

ప్రశ్న: తాతల నాటి దుర్బిణిని దీపపు కుందుల్లాగే చింతపండుతో తోమాను. మెరిసింది కానీ అక్కడక్కడా గులాబీరంగు మచ్చలు తేలాయి. పోవాలంటే ఏం చేయాలి?
– ఒక గృహిణి, చిక్కడపల్లి

జవాబు: ఇంకేమీ తోమకండమ్మా. ఇత్తడి అంటే రాగి, జింకు. చింతపండు పులుపు జింకును ముందు తినేస్తుంది, మిగిలిన రాగి గులాబీరంగులో బయటపడుతుంది. పీతాంబరి లాంటి పొడులు కుందులకు ఫరవాలేదు, దుర్బిణికి మాత్రం పనికిరావు. దాని మీద లక్కతో చేసిన బంగారు ఛాయ పూత ఉంటుంది. ఆ పూతే సగం అందం, సగం విలువ. తోమితే మొదట పోయేది అదే.

ఇప్పుడు గ్లాసు నీళ్లలో అర చెంచా వంటసోడా కలిపి, గుడ్డను గట్టిగా పిండి, గొట్టం మీద ఒకసారి తుడవండి. పులుపు విరిగిపోతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన గుడ్డతో, వెంటనే పొడి గుడ్డతో తుడవండి. తోలు చుట్టిన భాగానికి తడి తగలకూడదు. మచ్చల జోలికి వెళ్లొద్దు. ఏడాది రెండేళ్లలో గాలికి రంగు ముదిరి చాలావరకు కలిసిపోతాయి.

బజారులో దొరికే ఇత్తడి పాలిష్ సీసాలతో ఇంకో ప్రమాదం ఉంది. వాటిలో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తుపాకీ తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియాయే కారణమని 1921లో తేల్చారు. సాగదీసి చేసిన ఇత్తడిలో బిగువు దాగి ఉంటుంది, అమ్మోనియా తగిలితే ఆ బిగువు పగులుగా బయటికొస్తుంది. దుర్బిణి జారుడు గొట్టాలూ సాగదీసినవే.

ప్రశ్న: మా దగ్గరున్న దాని మీద ‘డే ఆర్ నైట్’ అని ఉంది. రాత్రి చీకట్లో చూడటానికా? అది ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, నారాయణగూడ

జవాబు: చీకట్లో కాదు, మసక వెలుతురులో. ముందు లెన్సు పెద్దది, పెద్దది చేసే శక్తి మితం. అందుకని సంధ్యవేళ కూడా బొమ్మ వెలుగుగా ఉంటుంది.

శక్తి కొలవడం ఐదు నిమిషాల పని. దుర్బిణిని దూరపు వస్తువు మీద సరిచేసి, వెలుగున్న ఆకాశం వైపు తిప్పండి (సూర్యుడికి దూరంగా). కంటి లెన్సు వెనక ట్రేసింగ్ పేపర్ పెట్టి ముందుకూ వెనక్కూ జరిపితే ఒకచోట చిన్న వెలుగు చుక్క స్పష్టంగా పడుతుంది. దాని వెడల్పును వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. ముందు లెన్సు వెడల్పును ఆ సంఖ్యతో భాగించండి. లెన్సు 50 మిల్లీమీటర్లు, చుక్క 2.5 అయితే 20 రెట్లు. ఓడ మీద 15 నుంచి 30 రెట్ల మధ్యే పనికొస్తుంది. ఎన్ని రెట్లు పెంచితే ఓడ ఊపూ అన్ని రెట్లు పెరుగుతుంది మరి.

పూర్తిగా రాత్రికోసం చేసిన రకం వేరే ఉండేది. అందులో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. పూత లేని గాజు ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెలుతురు వెనక్కి పోతుంది. మామూలు దుర్బిణిలో అతికించిన ముందు లెన్సు, తలకిందులైన బొమ్మను తిరిగి నిలబెట్టే రెండు లెన్సులు, కంటి దగ్గర రెండు కలిపి గాలి తగిలే ముఖాలు పది. నూటికి 66 పాళ్ల వెలుతురే కంటికి చేరుతుంది. నిలబెట్టే జంటను తీసేస్తే ఆరే ముఖాలు, 78 పాళ్లు. ఆ కాస్త వెలుతురు కోసం తలకిందుల ఓడను చూడటానికి అలవాటుపడ్డారు.

ప్రశ్న: మా మామగారి తాతగారి దుర్బిణి. లోపల మసక, ముందు లెన్సులో ఇంద్రధనుస్సు వలయాలు. ఒక జారుడు గొట్టం బిగుసుకుపోయింది. ఇంట్లోనే విప్పవచ్చా?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: విప్పవచ్చు, తొందర లేకపోతేనే. టేబుల్ మీద మందపాటి తువ్వాలు పరిచి, దగ్గర పెన్సిల్, కాగితం, తీసిన ప్రతి భాగానికీ ఒక గిన్నె పెట్టుకోండి. ప్రతి దశలో సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి.

ముందు లెన్సు రింగు అపసవ్య దిశలో తిరిగి వస్తుంది. చేయి జారితే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తిప్పండి. పట్టకారు పెట్టకండి, పలుచని ఇత్తడి కోడిగుడ్డు ఆకారంలోకి వంగిందంటే మరలు మళ్లీ పడవు. రాకపోతే సూది మొనతో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె మర అంచున పెట్టి, నూనె అద్దం వైపు దిగకుండా నిలబెట్టి ఒక రాత్రి వదిలేయండి. వేడి చేయడం వద్దు. అద్దాల మధ్య ఉన్న కెనడా బాల్సం ఒక చెట్టు బంక, వేడికి మెత్తబడుతుంది.

కంటివైపు గొట్టం లోపలి చివర ఇంకో పొట్టి గొట్టం మరతో బిగించి ఉంటుంది. బొమ్మను నిలబెట్టే రెండు లెన్సులు అందులోనే ఉంటాయి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ప్రతి లెన్సు అంచున పెన్సిల్‌తో, ముందు లెన్సు వైపు చూపిస్తూ చిన్న బాణం గీయండి. ఒక్కటి తిరగబడినా బొమ్మ మధ్యలో బాగుండి అంచుల్లో చెదిరిపోతుంది. మీరు విప్పకముందే అలా ఉంటే, గతంలో ఎవరో తిరగేసి బిగించారన్నమాట. బొమ్మ తలకిందులుగా ఉంటే ఆ పొట్టి గొట్టమే ఎక్కడో పోయి ఉండొచ్చు.

తుడిచేముందు రబ్బరు బుడ్డితో ధూళి ఊదేయాలి. ధూళి మీద గుడ్డ పెడితే అదే గరుకు కాగితం. దూదిని డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, పిండి, మధ్యనుంచి అంచుకు ఒక్క వాటం తుడిచి ఆ దూది పారేయండి. జిడ్డు పోకపోతే కప్పు నీళ్లకు ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. బూజు తీగలుంటే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దూదితో అద్ది, మళ్లీ నీటి దూది. బూజు పోయాక కూడా గీతలు మిగిలితే గాజును తినేసినట్టు, దాన్ని ఇంట్లో ఏమీ చేయలేం. స్పిరిట్ ఇత్తడికి తగిలితే లక్క పూత కరుగుతుంది, అద్దాల అంచులో దిగితే బాల్సం కరుగుతుంది. అందుకే దాన్ని ఈ పనిలోంచి తప్పించమంటాం. జంట లెన్సును నీళ్లలో ముంచనే కూడదు.

మీరన్న వలయాల సంగతి. బాల్సం వదిలేసి గాలి దూరితే అలా కనిపిస్తుంది, మళ్లీ అతికించాలి. రెండు అద్దాల మధ్యరేఖలు ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చోవాలి కాబట్టి అది లెన్సుల పని తెలిసినవాళ్లకే వదలండి. అయితే చాలా పాత లెన్సుల్లో అసలు బంకే ఉండదు, రెండు అద్దాలూ ఊరికే ఆనుకుని ఉంటాయి. వాటిలో వలయాలు సహజం, అది జబ్బు కాదు. బొమ్మ శుభ్రంగా ఉంటే అలాగే ఉంచండి.

గొట్టం బిగియడానికి కారణం చాలావరకు ఎప్పుడో పోసిన నూనె. అది ధూళితో కలిసి జిగురవుతుంది. లెన్సులన్నీ తీశాక గుడ్డకు కాస్త కిరసనాయిలు అద్ది జిగురు తుడిచి, బాగా ఆరనివ్వండి. మళ్లీ నూనె పెట్టకండి. సొట్ట ఉంటే లోపలికి సరిగ్గా పట్టే నునుపైన గట్టి చెక్క రూళ్లతో మెల్లగా నెట్టాలి. మీకు ధైర్యం లేకపోతే బ్యాండు వాయిద్యాలు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, ఇత్తడి గొట్టంలో సొట్ట తీయడం వాళ్ల రోజువారీ పని.

తిరిగి బిగించాక తోలు ఒరలో దాచకండి. తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది, బూజుకు అదే ఇల్లు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో 100 గ్రాముల సిలికా జెల్‌తో ఉంచి, గింజల రంగు మారగానే వాటిని వేడిచేసి ఆరబెట్టండి. కలరా ఉండలు వేయొద్దు, వాటి ఆవిరి అద్దం మీద పొర కడుతుంది.

ప్రశ్న: నెల్సన్ గుడ్డికంటికి దుర్బిణి పెట్టుకున్నాడనే కథ నిజమేనా?
– మెహిదీపట్నం

జవాబు: 1801 ఏప్రిల్ 2న కోపెన్‌హేగన్ యుద్ధంలో పోరు ఆపమని పై అధికారి హైడ్ పార్కర్ జెండా ఎగరేశాడు, బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ ఆపలేదు. ఇంతవరకు చరిత్ర. 1794లో కోర్సికాలో అతని కుడికన్ను చూపు పోయిందన్నదీ నిజమే. ఆ కంటికి దుర్బిణి ఆనించి ‘నాకు జెండా కనిపించలేదు’ అన్నాడన్న ముక్కను మాత్రం కథగానే తీసుకోండి. ఆ కథలో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. వైర్‌లెస్ లేని రోజుల్లో ఒక ఓడ ఇంకో ఓడతో మాట్లాడేది రంగు జెండాలతో. ఆ జెండాలు చదివేది దుర్బిణితో. యుద్ధంలో దాని అసలు ఉద్యోగం అదే.

ప్రశ్న: దీనితో శనిగ్రహం వలయాలు చూడొచ్చా?
– పదో తరగతి విద్యార్థి, బేగంపేట

జవాబు: మంచి లెన్సున్న 50 మిల్లీమీటర్ల దుర్బిణిలో గురుగ్రహం నాలుగు పెద్ద చందమామలు చుక్కల్లా కనిపిస్తాయి బాబూ. చంద్రుడి మీద గుంటలు బాగా కనిపిస్తాయి. శని మాత్రం 25 రెట్లలో కోలగా ఉన్న చిన్న గింజలాగే ఉంటుంది. చేత్తో పట్టుకుంటే ఏదీ నిలవదు, కెమెరా స్టాండుకు కట్టు. గురుడి చందమామలను గడియారంలా వాడి సముద్రం మీద రేఖాంశం కనుక్కోవచ్చని గెలీలియో అనుకున్నాడు. నేల మీద ఆ పద్ధతి పనిచేసింది. ఊగే ఓడ మీద ఆ చుక్కల్ని పట్టి నిలపడం ఎవరివల్లా కాలేదు. మీ బేగంపేటలోనే ఉండిన నిజామియా అబ్జర్వేటరీ గురించి కూడా తెలుసుకో. నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి గ్రబ్ కంపెనీ 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి మొదలుపెట్టిన సంస్థ అది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఇంట్లో ఉన్న పాత దుర్బిణిని ఈసారి పట్టుకెళ్తానంటున్నాడు. ఇబ్బంది ఉంటుందా?
– కూకట్‌పల్లి

జవాబు: ఉంటుంది. 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. వాటిని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. విదేశంలో తయారైంది కదా, మనకు వర్తించదులే అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు దరఖాస్తు పెట్టి, అన్ని వైపుల నుంచీ తీసిన ఫొటోలు, కొలతలు, చెక్కిన అక్షరాల దగ్గరి ఫొటో జతచేసి చూపించండి. పురావస్తువు కాదని తేలితే సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని వస్తువుతోపాటే చేతిసంచిలో ఉంచాలి. వందేళ్లు దాటిందని తేలితే మీ దగ్గరే ఉంటుంది. ఏ సంగతీ తేలకముందే అబ్బాయి టికెట్ తేదీ దగ్గరపడితే ఈసారికి వదిలి వెళ్లమనండి.